చైనా మూలికల పొడితో మైగ్రేన్ శాశ్వతంగా పోతుందా?

"చైనావాళ్లు వెయ్యేళ్లుగా వాడుతున్న మూలికల పొడి మైగ్రేన్‌ను శాశ్వతంగా పోగొడుతుంది. సైన్స్ కూడా ఒప్పుకుంది. సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. మాత్రలు మానేయండి." వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది. నొప్పితో విసిగిపోయినవాళ్లు దీన్ని నమ్మి మందులు ఆపేస్తారేమోనన్నదే నా భయం.

వెయ్యేళ్ల మాట దాదాపు నిజమే. చైనాలోని సిచువాన్‌లో పండే చువాన్‌షియోంగ్ వేరు, మరికొన్ని మూలికలు కలిపిన తలనొప్పి పొడి సోంగ్ రాజుల కాలంనాటి (10–13 శతాబ్దాలు) ప్రభుత్వ వైద్య గ్రంథంలోనే ఉంది. దాన్ని టీతో తీసుకునేవారు. అంతమాత్రాన పనిచేస్తుందని రుజువైనట్టు కాదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ మూలం కూడా చైనా పాత వైద్యమే. కానీ చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది అందులోంచి మందును వేరుచేసి, పరీక్షించి చూపించినందుకు.

సైన్స్ ఒప్పుకుందా? పరీక్షలైతే జరిగాయి, కొన్నిట్లో నొప్పి తగ్గిందనీ రాశారు. అయితే చాలావాటిలో రోగులు తక్కువ. ఎవరికి ఏ మందు ఇస్తున్నారో డాక్టరుకీ రోగికీ ముందే తెలుసు. మైగ్రేన్ విషయంలో ఇది పెద్ద లోపం. ఈ నొప్పి వస్తూ పోతూ ఉంటుంది, మందు లేని ఉత్తుత్తి మాత్రతోనూ చాలామందికి తగ్గుతుంది. పైగా బాగా ముదిరినప్పుడే వైద్యానికి వెళ్తాం కాబట్టి, ఆ తర్వాత కొన్నాళ్లు ఎలాగూ నెమ్మదిస్తుంది. ఆ మూలికల్లో పనికొచ్చే పదార్థం ఉండొచ్చు, వెతకాల్సిందే. "శాశ్వతంగా" అనడానికి మాత్రం ఆధారం లేదు.

సైడ్ ఎఫెక్ట్స్ లేవనడం అన్నిటికన్నా ప్రమాదం. ఆ పాత పొడిలో షీషిన్ అనే మూలిక కూడా ఉంటుంది. దానిలో, ముఖ్యంగా ఆకుల్లో, అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. అందుకే 2005లో చైనా ఔషధ ప్రమాణ గ్రంథం షీషిన్ మొక్కంతా కాకుండా వేరు భాగమే వాడాలని మార్చింది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు చెడిపోయాయి. ఒక మూలిక బదులు ఈ ఆమ్లం ఉన్న మరో మొక్క కలవడమే కారణం. మన ఈశ్వరి వేరు కూడా ఈ ఆమ్లం ఉండే అరిస్టోలోకియా జాతి మొక్కదే.

ఇక మాత్రలు మానేయమనడం. మైగ్రేన్ రాకుండా వాడే ప్రొప్రనలాల్‌ను ఒక్కసారిగా ఆపితే గుండెదడ, బీపీ పెరగొచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఇప్పటికే ఆ పొడి వాడుతున్నవాళ్లు ప్యాకెట్‌తో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించమని అడగండి.