ఆముదం వాసన

కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గర లగునా సెకా అనే రేస్ ట్రాక్ ఉంది. అక్కడ 1974 నుంచి పాత రేసు కార్ల పోటీలు జరుగుతున్నాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు కార్ల కంటే ముందు వాసన తగిలింది. ఎవరో ఇంజన్ స్టార్ట్ చేశారు. నీలం పొగ లేచింది, ఆ పొగలో ఆముదం వాసన. దేవరకొండ దగ్గర మా ఊళ్లో అమ్మమ్మ ఆముదాలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనె తీసే రోజున ఇల్లంతా కమ్ముకునే వాసన అది. కాసేపు ఎక్కడున్నానో మర్చిపోయాను.

పక్కనున్న మెకానిక్‌ను అడిగితే, అవును, ఇంజన్‌లో పోసింది ఆముదమేనన్నాడు. ఇంజన్ బాగా వేడెక్కినా ఆముదం ఇనుము మీద పొరలా పట్టుకుని ఉంటుంది, పెట్రోల్‌లో కలిసి పలచబడదు. అందుకే తొలినాటి రేసు కార్లకూ, మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలకూ దాన్నే వాడారు. బ్రిటన్‌లో వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన కొత్త ఇంజనాయిల్ తెచ్చి, ఆముదానికున్న ఇంగ్లిష్ పేరు క్యాస్టర్ నుంచే దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. నల్లగొండ, పాలమూరు చెల్కల్లో ఒకప్పుడు ఎటు చూసినా ఆముదమే. ఇప్పుడు చాలాచోట్ల పత్తి వచ్చేసింది.

ఆముదానికి ఇంకో గుణం కూడా ఉంది. ఇంజన్ తిరుగుతున్నంత కాలం బంగారం. బండిని నిలబెట్టామా, జిగురై, వార్నిష్‌లా గట్టిపడి లోపల అంటుకుపోతుంది. విప్పి కడగాల్సిందే. పాత కార్ల మీద ప్రేమ ఉన్న మన వాళ్లందరికీ నేను చెప్పదలచుకున్న మాట ఈ గుణంలోనే ఉంది. పాత కారును నడపాలి. నడపలేని వాళ్లు, నడిపే వాళ్ల చేతిలో పెట్టాలి.

మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డర్ ఇచ్చారు. పసుపుపచ్చ బాడీ, వెనక సింహాసనం లాంటి సీటు. ఆయన 1911లో చనిపోయారు, కారు తయారైంది 1912లో. ఆ కారును ఇప్పటికీ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. వందేళ్లు దాటిన ఆయుష్షులో అది తిరిగింది 356 మైళ్లని చెబుతారు. పాలమూరు నుంచి హైదరాబాద్‌కు మూడుసార్లు వచ్చిపోయేంత దూరం కూడా కాదు. అంత అందమైన కారు ముందు నిలబడి నేను సంతోషపడలేకపోయాను. ఎవరినీ ఎక్కించుకోకుండానే ముసలిదైపోయినట్టు అనిపించింది.

మా ఇంట్లో ఉన్నది 1968 మోడల్ ఫియట్ 1100. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు చేసింది. తర్వాతి రోజుల్లో పద్మిని పేరుతో మన రోడ్లన్నీ తిరిగింది ఈ బండే. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కనే గేరు, ముందు ముగ్గురు కూర్చోగలిగే పొడుగు సీటు. ఆముదాలకు మంచి ధర పలికిన ఏడు బాపు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికి మా ఊళ్లో ఇంకో కారు లేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు కదా, అట్లా మా ఫియటే ఊరికి అంబులెన్స్, పెళ్లికొడుకు కారు, పరీక్షల రోజున పిల్లల బండి. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని నల్లగొండ ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే కాన్పయిన పిల్లాడు ఇప్పుడు మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని చేస్తున్నాడు.

బాపు పోయాక ఆరేళ్లు బండి రేకుల షెడ్డులో ఉండిపోయింది. ఒకరోజు తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, పాత ఇనుపసామాన్లాయన వచ్చిండు. ఇచ్చేద్దామా?"

వద్దన్నాను. ఆ సంక్రాంతికి వెళ్లి చూస్తే సీటులో ఎలుకల గూడు, నాలుగు టైర్లూ నేలకు ఒరిగి ఉన్నాయి. ట్యాంకులో పెట్రోల్ గోధుమరంగు జిగురయింది. బ్రేకుల్లో వీల్ సిలిండర్లు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. హ్యాండిల్ వేస్తే ఇంజన్ కదల్లేదు. నగరంలో ఒక షాపు వాళ్లు ఈ ఇంజన్ తీసేసి కొత్త కారు ఇంజన్ పెడతామన్నారు. ఏసీ కూడా వస్తుందట. ఇష్టపడేవాళ్లు ఉంటారేమో గానీ, ఇంజన్ మార్చేశాక అది బాపు నడిపిన బండి ఎట్లా అవుతుంది?

చివరికి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒకప్పుడు షెడ్డు నడిపిన భాయ్‌ని వెతికి పట్టుకున్నాం. డెబ్బై దాటిన మనిషి. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి డీజిల్, ఇంజనాయిల్ కలిపి పోసి, "పది దినాలు ముట్టుకోవద్దు" అన్నాడు. పదకొండో రోజు హ్యాండిల్‌కు ఇంజన్ మెల్లగా తిరిగింది. కార్బురేటర్ విప్పి జెట్లు కడిగాడు. ప్లగ్గులకు కరెంటు పంచే డెల్కోలో పాయింట్లకు ఉప్పుకాగితం పట్టి, మధ్య సందును విజిటింగ్ కార్డు దూర్చి సరిచూశాడు. ఇంజన్ అందుకున్నాక పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద, పిడి చెవి మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వాల్వును కదిపే టాపెట్లలో రెండోది లూజుందన్నాడు. విప్పి చూస్తే అదే.

పాత కార్లు జనాన్ని ఎందుకు పట్టి లాగుతాయని అడిగే వాళ్లకు నేను ఆ పది నిమిషాలు చూపించాలనుకుంటాను. ఇంజన్‌లో ఏం జరుగుతోందో చెవితో వినొచ్చు, వేలితో తడమొచ్చు, మనిషి చేసిన పనిని ఇంకో మనిషి సరిచేయొచ్చు. నా ఇప్పటి కారు బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, అంతే.

రేసు కార్ల విషయంలో ఈ వాదన ఇంకా గట్టిగా చేస్తాను. 1955లో బ్రిటిష్ డ్రైవర్ స్టర్లింగ్ మాస్ ఇటలీలో మిల్లె మిల్యా రేసును మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్‌లో 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. మామూలు ఊళ్ల మధ్య, మామూలు రోడ్ల మీద వెయ్యి మైళ్లు. పక్కన కూర్చున్న డెనిస్ జెంకిన్సన్ ముందే రాసుకున్న మలుపుల వివరాలను కాగితం చుట్టలోంచి చూసి చేతి సైగలతో చెప్పాడు. ఉదయం 7:22కు బయల్దేరింది కాబట్టి కారు నంబరు 722. 1957లో ఘోర ప్రమాదం జరిగి జనం చనిపోయాక ఆ రేసు ఆగిపోయింది. అదే పేరుతో ఇప్పుడు పాత కార్లు వేగం పోటీ లేకుండా అదే నేల మీద తిరుగుతున్నాయి. కోట్ల రూపాయల బండ్లను రోడ్డెక్కించడం పిచ్చి అనే వాళ్లున్నారు. బంపర్‌కు సొట్ట పడితే సరిచేసుకోవచ్చు. నిలబెట్టి ఉంచిన రేసు కారు ఎందుకు పుట్టిందో అర్థమయ్యే దారే ఉండదు. పాత కార్ల అందాల పోటీకి పేరుపడ్డ, కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో కూడా, రెండు కార్లకు సమానంగా మార్కులొస్తే అంతకుముందు రోడ్డు మీద టూర్ పూర్తి చేసిన కారుకే బహుమతి ఇస్తారు. నాకు బాగా నచ్చిన నియమం అది.

మన ఊళ్లలో రేకుల కింద, గడ్డివాముల పక్కన ఇంకా అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు ఉన్నాయి. అమ్మేయమని అన్నకో బావకో చెప్పే ముందు ఒక్కసారి ఆలోచించండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. ముందే రిజిస్టరై ఉన్న బండికి పాత నంబరు అట్లాగే ఉంచుకోవచ్చు. కొత్తగా చేయించే వాటికి వీఏ అనే అక్షరాలున్న నంబరు ఇస్తారు, ఫీజు 20,000 రూపాయలు. రోజూ తిరగడానికీ, కిరాయికీ వాడకూడదు. అసలు రూపం మారొద్దన్న షరతు ఉంది కాబట్టి ఇంజన్ మార్పిడికి తొందరపడకండి. ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను పాడు చేస్తుంది. పైపులు మార్పించండి, ట్యాంకులో నెలల తరబడి పెట్రోల్ ఉంచకండి.

నాకు టెన్షన్ బండి గురించి తక్కువ, భాయ్ గురించి ఎక్కువ. ఆయన కొడుకులు ఈ పని నేర్చుకోలేదు, ఒకరిది సెల్‌ఫోన్ల షాపు. ఆయన చెవిలో ఉన్న విద్య ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే మా తమ్ముడూ నేనూ కలిసి, ఐటీఐ చదువుతున్న మా ఊరి పిల్లాడికి నెలకింత అని ఇచ్చి, ప్రతి శని, ఆదివారాలు భాయ్ దగ్గర కూర్చోబెడుతున్నాం. ఒక పాత కారు కొనడానికి మనం పెట్టే డబ్బులో అది చాలా చిన్న ముక్క. నాలాంటి వాళ్లు పదిమంది ముందుకొస్తే సూర్యాపేటలో ఒకరు, జడ్చర్లలో ఒకరు, వనపర్తిలో ఒకరు ఇట్లా నేర్చుకోవచ్చు.

పదిహేను రోజులకోసారి ఆ పిల్లాడు నాకు వీడియో పంపుతాడు. చోక్ లాగి, సెల్ఫ్ కొట్టి, ఇంజన్ అందుకున్నాక నవ్వుతాడు. మొన్న ఆదివారం భాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని డిండి దాకా పోయి వచ్చారు. బ్రేకు కొడితే బండి కొంచెం ఎడమకు లాగుతోందట. వచ్చే శనివారం ముందు చక్రాలు విప్పుతారు.