ఉద్యోగానికి ఒళ్ళు చూస్తారు, బెయిలుకు బుర్ర చూస్తారు

2022 అక్టోబరు 15, శనివారం. సెలవు రోజైనా సుప్రీంకోర్టులో ప్రత్యేక ధర్మాసనం కూర్చుంది. ప్రొఫెసర్ జి.ఎన్.సాయిబాబాను, మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ పెట్టిన ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసు నుంచి విడుదల చేస్తూ బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆ ముందురోజే తీర్పిచ్చింది. ఆయన జైలు గేటు దాటకముందే దాన్ని ఆపాలని మహారాష్ట్ర ప్రభుత్వం పరుగున వచ్చింది. పోలియోతో కాళ్ళు చచ్చుబడి, 90 శాతం వైకల్యంతో వీల్‌చైర్‌లో బతికే మనిషి, కనీసం ఇంట్లోనైనా నిర్బంధంలో ఉంచండి అని ఆయన తరఫు న్యాయవాది అడిగారు. ఉగ్రవాద, మావోయిస్టు కార్యకలాపాల్లో మెదడే ఎక్కువ ప్రమాదకరమని, నేరుగా పాల్గొనక్కర్లేదని ధర్మాసనం నుంచి జస్టిస్ ఎం.ఆర్.షా అన్నారు. ఈ కేసు గురించి కాదు, మామూలుగా చెబుతున్నానని కూడా అన్నారు. హైకోర్టు తీర్పు మాత్రం ఆగిపోయింది.

తర్వాతి కథ తెలిసిందే. 2024 మార్చి 5న హైకోర్టు మళ్ళీ విచారించి నిర్దోషి అంది, రెండు రోజులకు అమలాపురం బిడ్డ బయటికొచ్చారు, అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు.

సరే, మెదడే ముఖ్యం, ఒంటితో పనిలేదు అన్న సూత్రాన్ని కాసేపు ఒప్పుకుందాం. మరి ఆ సూత్రం ఉద్యోగాల దగ్గర ఎటు పోయింది? 2021 ఆగస్టు 18న కేంద్రం నోటిఫికేషన్లు ఇచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం (2016) ఇచ్చే 4 శాతం రిజర్వేషన్ నుంచి ఐపీఎస్‌ను, రైల్వే రక్షక దళ సర్వీసును, సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వంటి బలగాల్లోని పోరాట పోస్టులన్నిటినీ తప్పించింది. ఏ పోస్టులో ఏం పని ఉంటుందన్న వివరం లేదు. అన్నీ ఒకే గాటన కట్టేశారు. దేశ భద్రతకు ముప్పు తేవడానికి మెదడు చాలట! అదే దేశ భద్రతకు పనిచేయడానికి వస్తే మాత్రం ఒళ్ళు కావాలట!

పోరాట పోస్టు అంటే అడవిలో తుపాకీ పట్టి నడిచేవాడే అనుకుంటాం. సీఆర్పీఎఫ్‌లో గుమాస్తా పనికి హెడ్ కానిస్టేబుల్ (మినిస్టీరియల్) అనే పోస్టుంది. నిమిషానికి 35 ఇంగ్లిష్ మాటలు టైపు చెయ్యగలవా అని పరీక్ష పెడతారు. దాంతోపాటు మగవాళ్ళకు 165 సెంటీమీటర్ల ఎత్తుండాలి, ఊపిరి బిగబడితే ఛాతీ 5 సెంటీమీటర్లు పెరగాలి. సెలవు చీటీలూ జీతాల బిల్లులూ టైపు చేసేవాడికి! కాలు లేనివాడి వేళ్ళు కీబోర్డు మీద ఆడవా? సైబర్ నిఘా, సంకేతాలు విప్పడం, ఫోరెన్సిక్ ల్యాబు, బ్యాంకు లావాదేవీల్లో దొంగ డబ్బు జాడ పట్టడం... ఈ రోజుల్లో భద్రత పనిలో పెద్ద వాటా కుర్చీలో కూర్చుని చేసేదే. బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్నవాళ్ళు మాకు కావాలని బాహాటంగా చెప్పుకుంటుంది, ఇతరులకు కనపడని అల్లికలు వాళ్ళకు కనపడతాయని. మనవాళ్ళు ఇంకా ఛాతీకి టేపు చుడుతున్నారు.

ఆ నోటిఫికేషన్‌లో అసలు దెబ్బ ఎవరికి తగులుతుందో గమనించినవాళ్ళు తక్కువ. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో వేరే పని ఇవ్వాలి అంటుంది చట్టంలోని 20వ సెక్షన్. పోరాట పోస్టులకు ఆ సెక్షన్ నుంచే మినహాయింపు ఇచ్చేశారు. అంటే మందుపాతర మీద కాలేసి కాలు పోగొట్టుకున్న జవాను ఈ చట్టం పేరు చెప్పి నా ఉద్యోగం నాకుంచండి అని అడగలేడు. 2025లో కర్రెగుట్టల ఆపరేషన్‌లో మందుపాతరలు పేలి జవాన్లు గాయపడ్డారు, కాలు తీసెయ్యాల్సి వచ్చిన అధికారి కూడా ఉన్నారు. ఇలాంటివాళ్ళను బలగాలు తేలిక పనుల్లో పెట్టుకుంటున్న మాట నిజమే. పై అధికారి మంచివాడైతే సరే. కాకపోతే? పతకం ఇచ్చినంత తేలిగ్గా హక్కు ఇవ్వడానికి ఢిల్లీకి చెయ్యి రాదు.

సీఆర్పీఎఫ్‌లోనే ఒక అసిస్టెంట్ కమాండెంట్‌కు మానసిక అనారోగ్యం వచ్చింది. చికిత్స సంగతి పక్కనబెట్టి 2010లో శాఖాపరమైన విచారణ మొదలెట్టారు. పదకొండేళ్ళ తర్వాత, 2021 డిసెంబరు 17న, సుప్రీంకోర్టు ఆ విచారణే వివక్ష అని కొట్టేసింది. అవసరమైతే ఆయుధాలతో సంబంధం లేని పని ఇవ్వండి, జీతం మాత్రం తగ్గించొద్దు అంది. అంత సులువైన పరిష్కారం చెప్పడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా రావాల్సి వచ్చింది.

యుద్ధభూమిలో చక్రాల కుర్చీ నడవదు, ఒకడి బలహీనత పక్కనున్న పదిమంది ప్రాణం మీదికి వస్తుంది అంటారు. నిజమే, దాడి బృందంలోకి తీసుకోమని ఎవరూ అడగడం లేదు. 2010లో దంతెవాడలో ఒక్క రోజే 76 మంది జవాన్లను కోల్పోయిన దేశం మావోయిస్టు కేసుల్లో కఠినంగా ఉండడమూ అర్థమవుతుంది. కఠినమైన విచారణకు ర్యాంపు అడ్డమా? నీళ్ళు తాగే స్ట్రా అడ్డమా?

ఎందుకు అడుగుతున్నానంటే, 2022 మేలో నాగపూర్ జైల్లో సాయిబాబా ఉన్న అండా సెల్‌కు (గట్టి కాపలా ఉండే గుడ్డు ఆకారపు గది) ఎదురుగా సీసీటీవీ కెమెరా పెట్టారు. స్నానం, మలవిసర్జన సహా అన్నీ అందులో పడతాయి. దాన్ని తీయించడానికి ఆయన నిరాహారదీక్షకు దిగారు. ఒకరి సాయం లేనిదే కమోడ్ దాకా వెళ్ళలేని మనిషి మీద ఇరవై నాలుగ్గంటల నిఘా! భీమా కోరెగావ్ కేసులో ఉపా కింద జైలుకెళ్ళిన క్రైస్తవ మతగురువు స్టాన్ స్వామిది ఇంకో తీరు. పార్కిన్సన్స్‌తో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక స్ట్రా, సిప్పర్ ఇప్పించండని 2020 నవంబరు 6న కోర్టును అడిగారు. జవాబు చెప్పడానికి, ఆయన్ను అరెస్టు చేసిన జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) ఇరవై రోజుల గడువు తీసుకుని, ఆ వస్తువులు మా దగ్గర లేవంది. 84 ఏళ్ళ వయసులో, బెయిలు రాకుండానే, 2021 జులై 5న ఆయన పోయారు.

నా గొడవ ఉపాతో ఆగేది కాదు. మన పాలనకు అనుమానమే మొదటి పాఠం. ఉపాలోని 43డి(5) ప్రకారం ఆరోపణ పైకి నిజంలా కనపడితే చాలు, బెయిలు లేదు. వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో వరసలో నిలబడ్డవాడి పరిస్థితీ అదే, ముందు దొంగ, తర్వాతే వికలాంగుడు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పునఃపరిశీలన పేరుతో నోటీసులు వెళ్ళాయి. గోల లేచాకే, అప్పీలు చేసుకుంటే పింఛను కొనసాగిస్తామన్నారు. బోగస్ సర్టిఫికెట్లు లేవని ఎవరూ అనరు. వాటిని జారీ చేసిన చేతుల జోలికి పోకుండా, పుట్టు చెవిటివాణ్ణి మళ్ళీ పిలిచి నిజంగానే వినపడదా అని అడగడం ఏం పరిపాలన?

2021 నోటిఫికేషన్లను వెనక్కి తీసుకుని ఏ పోస్టుకు ఏ సామర్థ్యం కావాలో విడివిడిగా రాయాలి. గాయపడ్డ జవాన్లకు 20వ సెక్షన్ తక్షణం తిరిగివ్వాలి, ఈ ఒక్కదానికీ పార్లమెంటుతో పనిలేదు, మంత్రి సంతకం చాలు. జైళ్ళలో ర్యాంపులు, వికలాంగులకు తగిన మరుగుదొడ్లు ఉండాలని, ఆరు నెలల్లో తనిఖీ పూర్తి కావాలని 2025 జులై 15న తమిళనాడుకు సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. చర్లపల్లిలో, రాజమహేంద్రవరంలో అలాంటి తనిఖీ ఎప్పుడు చేయిస్తారో, ఆ నివేదికను జనం ముందు పెడతారో లేదో రెండు రాష్ట్రాల జైళ్ళ శాఖలూ చెప్పాలి.