స్టీరింగ్ రాడ్డూ, నిన్ను పీకేసినవాణ్ని రాస్తున్నాను

ప్రియమైన స్టీరింగ్ రాడ్డూ,

నేనెవరో నీకు తెలియకపోవచ్చు. మూడేళ్లుగా నిన్ను కారులోంచి పీకేసే పనిలోనే ఉన్నాను, నా జీతం, ఫ్లాట్ ఈఎంఐ అన్నీ నువ్వు అక్కడ లేకపోవడం మీదే నడుస్తున్నాయి. నువ్వు చేసే పని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: పైన చక్రం తిప్పితే నువ్వు తిరుగుతావు, నువ్వు తిరిగితే కింద టైర్లు తిరుగుతాయి. నువ్వు లేకుండా అదే పని ఎలా అవుతుందో చెప్పే మా డాక్యుమెంట్ 400 పేజీలు దాటింది, రివ్యూ ఇంకా మొదలే కాలేదు.

నీ జాగాలో ఏం పెట్టామో చెప్తాను, నవ్వకు. చక్రం దగ్గర ఎంత తిప్పారో చూసే సెన్సర్లు మూడు. ఎందుకు మూడంటే, రెండే ఉండి ఒకటి పది డిగ్రీలు అని, ఇంకోటి సున్నా అని అంటే అబద్ధం ఎవరిదో తేలదు, మూడో సాక్షి కావాల్సిందే. టైర్ల దగ్గర మోటారు చూడ్డానికి ఒకటే, లోపల వైండింగులు, అంటే రాగి తీగ చుట్లు, రెండు జతలు, వాటికి చెరో కంట్రోలర్, చెరో కనెక్టర్, చెరో బ్యాటరీ. సగం చచ్చిపోతే మిగతా సగం బండిని రోడ్డు పక్కకి చేర్చాలి. చచ్చిన సగం కూడా ఊరికే ఉండదు, వైండింగ్ షార్ట్ అయితే అదే బ్రేకులా మారి, బతికున్న సగాన్ని వెనక్కి లాగుతుంది. మా ఉమ్మడి కుటుంబం ఆస్తి పంపకాలు గుర్తొచ్చాయి నాకు.

పైగా లెక్క ఒకటి. కార్ల ఎలక్ట్రానిక్స్‌కి ఐఎస్ఓ 26262 అని ఒక భద్రతా ప్రమాణాల శాస్త్రం ఉంది, 2011లో వచ్చింది. అందులో అన్నిటికన్నా కఠినమైన తరగతి మాది. హార్డ్‌వేర్ దానంతటదే పాడై స్టీరింగ్ చేయి జారిపోవడమన్నది 10 కోట్ల గంటలకి ఒక్కసారి కన్నా తక్కువ ఉండాలి. ఒకే కారు రాత్రీ పగలూ ఆగకుండా నడిస్తే సుమారు 11,400 ఏళ్లు. నిన్ను ఎవడైనా ఏనాడైనా ఈ లెక్క అడిగాడా? ఇనుము కదా, నమ్మేశారు.

నిన్ను పీకడానికి భయపడింది మేమొక్కళ్లమే కాదులే. 2013లో ఇన్ఫినిటీ క్యూ50 కారు వైర్లతో స్టీరింగ్ తిప్పింది గానీ, నిన్ను మాత్రం పంపేయలేదు, మధ్యలో క్లచ్ పెట్టి, కరెంటు పోతే పిలుస్తాం, అప్పటిదాకా కూర్చో అంది. రిటైరైన పెద్దాయన్ని అరుగు మీద కూర్చోబెట్టినట్టు. పదేళ్ల తర్వాత, 2023లో, టెస్లా సైబర్‌ట్రక్ ఆ అరుగు కూడా తీసేసింది. "విమానాల్లో ఎప్పట్నుంచో ఉంది కదా, టెన్షన్ ఎందుకు" అంటాడు మా మేనేజర్. నిజమే, మన తేజస్‌కి ఇలా విడివిడిగా పనిచేసే ఛానళ్లు నాలుగు. నాలుగు పెడతానంటే కారు ధర చూశావా అని ముందు అరిచేది కూడా ఆయనే.

పోయిన వానాకాలం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా సొంత కారు స్టార్ట్ కాలేదు. మెకానిక్ బానెట్ ఎత్తి, ఫోన్ టార్చ్ వేసి, వైర్ల కట్టని రెండు వేళ్లతో పైకి లేపాడు. నల్ల తొడుగు మీద సన్నటి పళ్ల గాట్లు, లోపల రాగి మెరుస్తోంది, బ్యాటరీ పక్కన నాలుగు పెంటికలు. "ఎలక సార్. పొగాకు పెట్టండి, మళ్లీ రాదు" అన్నాడు. వినాయకుడి వాహనం నా వాహనాన్ని తినేసింది, సరే. నాకు ఒళ్లు జలదరించింది మాత్రం వేరే సంగతికి: అది ఒక వైరు కొరికి పోలేదు, కూర్చున్న చోట కూర్చునే పక్కపక్కనున్న ఏడు వైర్లూ కొరికింది. సోమవారం వెళ్లగానే మా డ్రాయింగ్ తెరిచాను. మొదటి సగం కరెంటు వైరూ, రెండో సగం కరెంటు వైరూ ఒకే కంతలోంచి దూరి, ఒకే తొడుగులో, ఒకే ట్యాగుతో కట్టి ఉన్నాయి. వైండింగులు రెండు జతలు, బ్యాటరీలు రెండు, ఎలక్కి మాత్రం ఒకటే విస్తరి.

మీటింగ్‌లో ఎలక అనగానే అందరూ నవ్వారు. జర్మనీ ఆయన ఒక్కడే నవ్వలేదు. వాళ్లకి మార్టెన్ అని ముంగిసలాంటి జంతువు ఉంది, కార్ల కింద దూరి వైర్లు కొరుకుతుంది, అక్కడ బీమా పాలసీల్లోనే దాని పేరు ఉంటుంది. మినిట్స్‌లో "జంతు సంబంధిత బాహ్య నష్టం" అని గౌరవంగా రాసుకుని, రెండో సగం వైరుని వేరే వైపు నుంచి తిప్పాం. నీ మీద పళ్లు పెట్టి ఏ ఎలకైనా బాగుపడిందా?

మా మేనమామ మిర్యాలగూడ నుంచి ధాన్యం లారీ నడిపాడు. నా ఉద్యోగం ఏంటో ఓసారి చెప్పాను.

"రాడ్డు లేకుంటే ఎట్ల తిరుగుతదిరా?"

"కరెంటుతోని, మామా."

"కరెంటు పోతే?"

"ఇంకో కరెంటు ఉంటది."

కాసేపు ఆలోచించి, "మా ఊర్ల గూడ అట్లనే చెప్తరు" అన్నాడు.

తర్వాత ఆయనన్న మాటే నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది. రాడ్డు పోయే ముందు చెప్తదంట. ముందు ప్లే వస్తది, అంటే స్టీరింగ్ వదులైతది, తర్వాత గుంతల్ల టకటక అంటది, డ్రైవర్ చెయ్యికి తెలుస్తది, మెకానిక్ దగ్గరికి పోతడు. మా సిస్టమ్ అలా చెప్పదు, సగం పోయినా మిగతా సగం ఏమీ జరగనట్టే తిప్పుతుంది, అందుకే కదా రెండు పెట్టాం. దాంతో ఇప్పుడు లైటు వెలిగించి, స్పీడు తగ్గించి, చక్రాన్ని కావాలని కొంచెం బరువుగా చేసి, నీలా మూలగడం నేర్పిస్తున్నాం. మామూలుగా నడిచేటప్పుడు గుంతలో పడితే చేతికి ఎంత వణుకు రావాలి అన్నదానికి విడిగా ఇంకో మోటారు, దాని మీద ఇప్పటికి మూడు మీటింగులు.

అలాగని గాలిలో తేలిపోకు. ఎదురుగా ఢీకొంటే నేరుగా డ్రైవర్ ఛాతీలోకి దిగేదానివి, 1968లో అమెరికా నిబంధన పెట్టాక అక్కడి కొత్త కార్లన్నిట్లో మడుచుకోక తప్పలేదు నీకు. ఆ కేసు నీ మీద అలాగే ఉంది.

ఇట్లు,
నీ జాగా ఖాళీ చేయించినవాడు

తా.క.: ఆ ఖాళీ జాగాలో రెండో బ్యాటరీ పెడదామంటున్నారు. తూకం వేసి చూశాను. నీకన్నా బరువు.