జెర్వినోస్ మ్యూజియం కాదు, ఊరు

లిథువేనియాలోని జెర్వినోస్ గురించి మంచి వ్యాసం వేశారు, థ్యాంక్స్. కాకపోతే మొత్తం చెక్క ఇళ్ల చుట్టూనే తిరిగింది. ఆ ఊరిని బతికించింది అడవి. దాని గురించి రెండు ముక్కలైనా రాయాల్సింది.

ఆ ఊరున్న జూకియా ప్రాంతంలో, ముఖ్యంగా అడవుల వైపు, ఎక్కువగా ఇసుక నేలే. రై, బక్‌వీట్ లాంటి ధాన్యాలు, బంగాళాదుంపలు తప్ప పెద్దగా పండవు. అందుకే జనం పైన్ అడవిని నమ్ముకున్నారు. పుట్టగొడుగులు, అడవి పళ్లు లేకపోతే జూకియా ఆడపిల్లలకు ఒంటిమీద బట్టే ఉండేది కాదని అక్కడ సామెత. అవి అమ్ముకుంటేనే చేతిలో నాలుగు డబ్బులు ఆడేవి మరి. ఇప్పటికీ సీజన్‌లో రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకుని అమ్ముతుంటారు.

నన్ను బాగా కట్టిపడేసింది తేనె సంగతి. బతికున్న పైన్ చెట్టుకే, బాగా ఎత్తులో తొర్ర తొలిచి, అందులో తేనెటీగలను పెంచేవారు. తాళ్ల సాయంతో పైకెక్కి తేనె తీసేవారు. అలాంటి పాత చెట్లు జెర్వినోస్‌లో ఇంకా ఉన్నాయి. దగ్గర్లోని ముస్తెయికా అనే ఊళ్లో ఈ పనిని మళ్లీ చేసి చూపిస్తున్నారు. ఇది అంతరించిపోకూడదని గట్టిగా కోరుకుంటున్నాను.

1991లో ఈ ప్రాంతాన్ని జూకియా జాతీయ ఉద్యానవనం చేశారు కాబట్టి అడవికి కొంత రక్షణ దొరికింది. ఊళ్లో ఏడాది పొడవునా ఉండేవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. అసలు టెన్షన్ అదే.

వెళ్లాలనుకునేవాళ్లు రాజధాని విల్నియస్ నుంచి మార్సింకోనిస్ వైపు రైలెక్కితే జెర్వినోస్‌లోనే దిగొచ్చు. ఊలా నది ఒడ్డున, మాంచాగిరె అనే ఊరి దగ్గర, ఇసుకను కుతకుతలాడిస్తూ పైకి ఉబికే ఊట ఉంది. అదీ చూసి రండి.