‘ఓమహా’ అరుపు ఉత్త హడావిడేనా?

అమెరికన్ ఫుట్‌బాల్ మీద ఈ మాట తెగ షేర్ అవుతోంది: “హెల్మెట్‌లో రేడియో ఉంది, ప్లే కోచే చెప్పేస్తాడు. గీత దగ్గర క్వార్టర్‌బ్యాక్ అరుపులన్నీ టీవీ కోసం. ఆ కోడ్ పట్టేస్తే ఆట ఖతం.” (ప్లే అంటే ముందే అనుకున్న ఎత్తు, క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని దాన్ని నడిపేవాడు, గీత అంటే రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడే చోటు. ‘ఓమహా’ అతని అరుపుల్లో ఒకటి.) మూడు ముక్కలూ తప్పే.

ముందు రేడియో. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అది 1994 నుంచీ ఉంది. కానీ ప్లే క్లాక్ (ప్లే మొదలుపెట్టడానికి ఉన్న గడువు చూపే గడియారం) 15 సెకన్లకు రాగానే మూగబోతుంది. వినిపించేది కూడా హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క ఉన్న ఒక్కడికే. డిఫెన్స్ నిలబడ్డ తీరు చూసి ప్లే మార్చాలంటే, మిగతా పదిమందికీ నోటితో చెప్పాల్సిందే. “54 మైక్” అంటే 54 నంబర్ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ముందు వరుస వెనక ఉండేవాడు) అని గుర్తు; ఎవరు ఎవరిని అడ్డుకోవాలో లైన్‌మెన్ (ముందు వరుసలో అడ్డుకునేవాళ్లు) అతని నుంచి లెక్కేసుకుంటారు. “కిల్” అంటే, చాలా జట్లలో, హడిల్‌లో (ప్లేకి ముందు జట్టు గుమిగూడినప్పుడు) చెప్పిన రెండు ప్లేల్లో మొదటిది వదిలేయమని.

టీవీ కోసమే అనేవాళ్లు 2014 ఫిబ్రవరి 2 సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) మొదటి ప్లే చూడాలి. డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మేనింగ్ ఏదో చెప్పడానికి ముందుకు నడుస్తున్నాడు. ఆ హోరులో పిలుపు వినిపించిందనుకుని సెంటర్ (బంతిని క్వార్టర్‌బ్యాక్‌కి అందించేవాడు) బంతి వెనక్కి వేసేశాడు. అది మేనింగ్‌ను దాటి సొంత ఎండ్ జోన్‌లో (మైదానం చివరి పట్టీలో) పడింది. 12 సెకన్లకే ప్రత్యర్థి సియాటిల్‌కు 2 పాయింట్లు!

హోరున్న చోట అందుకే సైలెంట్ కౌంట్ వాడతారు. క్వార్టర్‌బ్యాక్ కాలెత్తుతాడు, వెనక్కి చూస్తున్న, పక్కనుండే గార్డ్ సెంటర్‌ను తడతాడు, సెంటర్ తల ఊపి ఒక లెక్క ఆగి స్నాప్ చేస్తాడు (బంతి వెనక్కి వేస్తాడు). ఆ ఆగడం ప్రతిసారీ ఒకేలా ఉందా, ఎడ్జ్ రషర్ (అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే డిఫెండర్) సెంటర్ తల చూసే బయల్దేరతాడు. అతన్ని ఆపాల్సిన టాకిల్ ఇంకా కాలు తీయనే లేదు.

ఇక కోడ్. కొన్ని పదాలు ఉత్తవేనన్నది నిజమే. అయితే ఏది ఉత్తదో, ఏది అసలుదో తెలియనివ్వకపోవడమే పనితనం. 2014 జనవరి 12న శాన్ డియేగో ఛార్జర్స్ మీద మేనింగ్ 44 సార్లు “ఓమహా” అన్నాడు. దేశమంతా విన్నది. అయినా ఛార్జర్స్ 5 సార్లు తొందరపడి ముందుకు దూకారు, దూకినప్పుడల్లా 5 గజాలు పోగొట్టుకున్నారు. “హట్” అంటే స్నాప్‌కి పిలుపు. “రెండో హట్‌కి” అని హడిల్‌లోనే అనుకుని, మొదటి “హట్”ను గట్టిగా గుద్దినట్టు అరవడమే హార్డ్ కౌంట్. సొంత గార్డే ఉలిక్కిపడితే ఆ 5 గజాలూ మనకే పోతాయి.

పోనీ డిఫెన్సే “హట్” అని అరిచి తికమక పెడితే? అది 15 గజాల జరిమానా.