మహారాజశ్రీ పీహెచ్ మీటర్ గారికి

సంతబొమ్మాళి మండలంలో మూడెకరాల రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని ఒక రైతు నమస్కరించి వ్రాసుకున్నది ఏమనగా:

నీరు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో కొలిచి, ఆమ్లమైతే 7కి కింద, క్షారమైతే 7కి పైన చూపించడం తమరి కొలువు. తమరు క్షేమమేనని తెలుసు. తమరెప్పుడూ క్షేమమే. పొద్దున్న ఆరింటికి 7.02, సాయంత్రం నాలుగింటికీ 7.02. నిన్న మధ్యాహ్నం మేత దుకాణం తరఫున వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు తన మీటర్ ముంచితే అదే నీరు 9.1 చూపించింది. పక్కనే తమరు 7.02. ఇద్దరినీ ఒకే బకెట్లో పెట్టాం. తమరు మొహమాటానికైనా కదల్లేదు.

ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్ తాగేస్తుంది కనక సాయంత్రానికి పీహెచ్ ఎక్కుతుంది, తెల్లారేసరికి దిగుతుంది. ఆ తేడా అర పాయింటు లోపు ఉంటే మంచి చెరువు అంటాం. తమరు తేడాయే లేదన్నారు. ఎంత నిలకడైన చెరువో అని మురిసిపోయాను కూడా. కాకపోతే రొయ్యకు ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య కావాలి కదా, 7 తక్కువని గుల్ల సున్నం కొట్టించాను. మర్నాడు 7.02. ఇంకో నాలుగు బస్తాలు. 7.02. మూడో రోజు మా కాపలా అబ్బాయి, "బావూ, సున్నానికి లొంగని నీరు నానెప్పుడూ సూడనేదు" అని గొణిగాడు. వాడి మాట నేను విన్లేదు. వాడికి దశాంశ స్థానాలు లేవు మరి.

అసలు నా కడుపుమంట అక్కడే. ఆ "02". ఉత్త ఏడు అనుంటే ఎక్కడో అనుమానం తగిలేది, ఉజ్జాయింపుగా చెప్తున్నారేమో అనుకునేవాణ్ణి. ఏడు పక్కన సున్నా, సున్నా పక్కన రెండు! అంత నికరంగా చెప్పేవాడు అబద్ధం చెప్తాడని ఎవరనుకుంటారు? తెలీదు అనే మాట తమరి నోట ఒక్కసారైనా రాలేదు.

కాలిబ్రేషన్, అంటే తమరు సరిగ్గా చెప్తున్నారో లేదో సరిచూడ్డం, చేయలేదా అంటారేమో. ప్రతి సోమవారం చేశాను. 7 బఫర్‌లో, అంటే పీహెచ్ 7 అని ముందే తెలిసిన ద్రావణంలో, ముంచాను, 7 అన్నారు, కడిగి దాచాను. 4 బఫర్‌కు బూజు పట్టింది, 9.2 బిళ్లలు అయిపోయాయి, టెక్కలి వెళ్లినప్పుడు తెద్దాంలే అనుకున్నాను. (ఈ ముక్క మా ఇంట్లో అనకండి.) 7 దగ్గర మీలాంటి వాళ్లు పుట్టించేది సున్నా మిల్లీవోల్టులు. అక్కణ్ణుంచి అటూ ఇటూ ఒక్కో పాయింటుకు 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులు మారాలి. నీళ్లలో మునిగే కొసన ఉండే గాజు గుండు చిట్లినవాడు దేంట్లో ముంచినా ఆ సున్నా చుట్టుపక్కలే ఉంటాడు. అంటే 7 బఫర్‌లో బతికున్నవాడూ చచ్చినవాడూ ఒకే మాట చెప్తారు. రెండో బఫర్‌లో ముంచితేనే శవం సంగతి బయటపడేది.

కుర్రాడు గుండును ఎండకు ఎత్తి చూపించాడు. వెంట్రుక వాసి గీత. చెరువుకు గాలి పట్టించే ఏరేటర్ స్టాండుకు ఎప్పుడు తగిలావో, ఎన్నాళ్లుగా చచ్చి ఉన్నావో!

ఇక మర్యాద నావల్ల కాదు. సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని నిన్ను ముంచుతూనే ఉన్నాను. చింతపండు పులుసులో 7. సున్నపు తేటలో 7. తగువులో పెద్దమనిషిలా అటూ కాదు, ఇటూ కాదు! 1909లో కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు వాళ్ల ప్రయోగశాలలో సోరెన్సెన్ గారు నీ కొలత కనిపెట్టారట. ఏం అడిగినా ఒకటే మాట పట్టుకోవడం పుట్టింటి పోలికే అన్నమాట.

నీకు చేసిన సేవ మా తాతకు చేసుంటే ఇంకో పదేళ్లు బతికేవాడు. డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, కానీ అందులో నిలవ ఉంచకూడదు. తుడవకూడదు, అద్దాలి. చుట్టూ నౌపడ ఉప్పు మళ్లే, అయినా ఆ ఉప్పు దొరగారికి పనికిరాదు. వంద మిల్లీలీటర్లలో 22 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలిపి అందులో పడుకోబెట్టాలి. పడుకోబెట్టాను. శవాన్ని.

పీహెచ్ 8 దగ్గర చెరువులోని అమ్మోనియాలో విషం పాలు పదో వంతు లోపే. 9 దాటితే మూడో వంతు కూడా దాటిపోవచ్చు. ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే చెక్ ట్రేలో మేత మిగిలిపోతుంటే రొయ్యకు అజీర్తి అనుకున్నాను రా! ఒంట్లో బాగాలేనిది నీకు. రాత్రంతా మోటారు వేసి నీళ్లు మార్చాం. బతికినన్ని బతికాయి. ఎన్నో పట్టుబడి రోజున గానీ తెలీదు.

కొత్త ఎలక్ట్రోడుకు, అంటే గాజు గుండు ఉండే కడ్డీకి, డబ్బు కట్టాను. 4, 9.2 బఫర్లు కూడా తెప్పిస్తున్నాను. అవి నీకు కాదు, నీ తర్వాత వచ్చేవాడికి.

ఇట్లు,
ఏడు దగ్గర ఏడ్చినవాడు

తా.క. ఉత్తరం ముగించాక ఎందుకో మనసొప్పక టీ గ్లాసులో ఒక్కసారి ముంచి చూశాను. 7.02.