అట్టబస్సు ముందు అర నిమిషమేనా?

మొన్నటి మన సంఘం వార్షికోత్సవంలో పిల్లల హస్తకళల బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. త్రీడీ ప్రింటర్‌లో తీసిన స్పోర్ట్స్ కారు దగ్గర న్యాయనిర్ణేతలు ఆగారు, తిప్పి తిప్పి చూశారు, ఫొటోలు తీసుకున్నారు. పక్కనున్న బస్సును చూసి "ఇది అట్టపెట్టెలతో చేసిందే కదా" అంటూ ముందుకు నడిచారు. ఆ బస్సు చేసిన పదకొండేళ్ల అమ్మాయి, వాళ్లకు చెప్పాలని రాసుకున్న కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. బహుమతి ఎవరికి వచ్చిందన్నది నా బాధ కాదు. ఆ కాగితం విప్పమని ఎవరూ అడగలేదు.

నేను అడిగాను. చక్రంగా పెట్టిన సీసా మూత అడ్డుకొలత 30 మిల్లీమీటర్లు అని మొదటి పంక్తిలో ఉంది. అసలు బస్సు చక్రం టైరుతో కలిపి సుమారు మీటరు ఎత్తుంటుంది. మూతను 32 రెట్లు చేస్తే 960 మిల్లీమీటర్లు వస్తుంది కాబట్టి తన బస్సుకు 1:32 స్కేలు, అంటే అసలు కొలతలో 32వ వంతు, ఎంచుకుంది. ఆ లెక్కన 12 మీటర్ల పొడవు 375 మిల్లీమీటర్లయింది, రెండున్నర మీటర్ల వెడల్పు 78 అయింది. పారేయబోయిన మూతలోంచి బస్సంతా పుట్టింది! పెద్దవాళ్లం చాలామంది ముందు బాడీ కట్టేసి, తర్వాత దానికి సరిపడే చక్రాల కోసం ఇల్లంతా వెతుకుతాం.

ఈ పనిలో ఎక్కడ చేయి ఆగిపోతుందో నాకు అనుభవం. నా మొదటి అట్ట వ్యాను పైకప్పు మూడుసార్లు చెడింది. అట్ట ఒకవైపుకు చక్కగా వంగుతుంది, రెండు వైపులా ఒకేసారి వంగదు. పైకప్పు ముందుమూలేమో రెండు వైపులా వాలాలి. మొదటిసారి తడిపి వంచితే ముడతలు పడింది. రెండోసారి చీలికలు కోసి అతికిస్తే మధ్యలో కుంగింది. మూడోసారి తెల్ల జిగురులోని నీటికి పక్కగోడ కూడా విల్లులా వంగిపోయింది. అప్పుడు తెలిసింది, అట్టకు పోగుల వాలు ఉంటుందని, ఆ వాలుకు అనుగుణంగానే అది సులువుగా వంగుతుందని. రెండు పొరలను ఒకదాని వాలుకు ఇంకోదాని వాలు అడ్డంగా ఉండేలా అతికించి, రాత్రంతా పుస్తకాల బరువు కింద ఉంచితే గోడ నిటారుగా నిలిచింది. పైకప్పుకు లోపల రెండేసి సెంటీమీటర్లకు ఒక అట్ట చట్రం నిలబెట్టి, పైన సన్నని పట్టీలు పరిచి, సందుల్లో లప్పం పెట్టి, ఆరాక ఎమెరీ కాగితంతో రుద్దాను. నునుపుగా వచ్చిందనుకుని, రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత కొడితే ప్రతి గుంటా బయటపడింది. మళ్లీ లప్పం, మళ్లీ రుద్దడం.

ఆ అమ్మాయి బస్సులో అద్దాలు చూశారా? బొమ్మల ప్యాకింగులోని పారదర్శక ప్లాస్టిక్‌ను రెండు అట్ట పొరల మధ్య ఇరికించింది. అర మిల్లీమీటరు అట్ట ఈ స్కేలులో 16 మిల్లీమీటర్ల రేకుతో సమానం, అసలు బస్సు రేకు అంత మందం ఉండదు. అందుకే కిటికీ అంచులకు సూపర్ గ్లూ పట్టించి, గట్టిపడ్డాక అరగదీసి పలచన చేసింది. గడువు తీరిన బ్యాంకు కార్డు బంపరయింది.

త్రీడీ ప్రింటరును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కంప్యూటర్‌లో సొంతంగా ఆకారం గీసి, గోడల మందం లెక్కించి అచ్చు తీయడం గొప్ప నేర్పే. కానీ ఎవరో గీసిన ఫైలును దింపుకుని బటన్ నొక్కడం వేరు. ఆ కారు ఈ రెండింటిలో ఏ కోవదో న్యాయనిర్ణేతలు అడగలేదు, పాపం ఆ అబ్బాయికీ చెప్పే అవకాశం రాలేదు.

తల్లిదండ్రులను నిందించడం కూడా నా ఉద్దేశం కాదు. అయినా చెప్పక తప్పదు. పోటీ ముందురాత్రి పిల్లలను పడుకోబెట్టి మనం కూర్చుని రంగులు వేస్తున్నాం. వంకర అంచు కనిపిస్తే పరువు పోయినట్టు సరిదిద్దుతున్నాం. అది పిల్లల చేతిలోంచి పని లాక్కోవడమే. ఖాళీ పెట్టె, మూత, దారపు ఉండ, ఏదీ పారేయకుండా అటక మీద దాచే అలవాటును మాత్రం పిల్లల ముందు చాదస్తమని వెక్కిరిస్తాం. ఆ అటకే ఈ పిల్లకు కార్ఖానా అయింది.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. వచ్చే ఏడాది ప్రతి నమూనా పక్కన పిల్లలు గీసుకున్న కొలతల కాగితం పెట్టించండి. ఒక పక్క రంగు వేయకుండా ఉంచమనండి, అతుకులు కనిపించనీయండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు మాట్లాడే సమయం ఇవ్వండి. అచ్చు తీసినవాటికీ చేత్తో కట్టినవాటికీ వేర్వేరు విభాగాలు పెడితే మరీ మంచిది.

ఆ అమ్మాయి ఇప్పుడు ట్యాంకరు లారీ మొదలుపెట్టింది. టిష్యూ రోలు లోపలి గొట్టాన్ని కొలిస్తే 40 మిల్లీమీటర్లు వచ్చిందట. 32 రెట్లు చేసినా మీటరుంపావే, ట్యాంకుకు చాలదు. 65 మిల్లీమీటర్ల డబ్బా కోసం ఇల్లంతా వెతుకుతోంది.